జీవిత భాగస్వామి పోయాక కవిత, కెమెరా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కొనసాగించాలి

"ఏదైనా వ్యాపకం పెట్టుకో" అని పరామర్శకి వచ్చినవాళ్లంతా చెప్తారు. ఏ వ్యాపకం, ఏ పూట, ఎంతసేపు, మధ్యలో ఏడుపొస్తే ఏం చెయ్యాలి? అది ఎవరూ చెప్పరు. భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు నన్ను పదేపదే అడిగేవి ఈ ప్రశ్నలే. మా ఆయన పోయాక నేను పట్టుకున్నవి రెండు: ఒక నోటుపుస్తకం, ఫోన్‌లో ఉన్న కెమెరా.

రెండూ కలిపి ఎందుకంటే, రాత మనిషిని లోపలికి లాగుతుంది, కెమెరా బయటికి లాగుతుంది. రాత ఒక్కటే పెట్టుకుంటే అదే గదిలో, అదే కుర్చీలో కూరుకుపోతాం. కెమెరా ఒక్కటే పట్టుకుంటే లోపల ఉన్నదాన్ని తప్పించుకు తిరుగుతాం. నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో ఇలాంటి మాటే చెప్పారు. దుఃఖంలో ఉన్నవాళ్లు కాసేపు పోయిన మనిషి వైపు, కాసేపు ముందున్న బతుకు వైపు మళ్లుతూ ఉంటారు, ఆ అటూ ఇటూ మళ్లడమే తేరుకునే దారి అని. అందుకే ఈ పద్ధతికంతా ఒకటే నియమం: ఒకరోజు రాస్తే మర్నాడు ఫొటో. రెండు రోజులు వరసగా రాత వద్దు.

ఇది వైద్యం కాదు. వైద్యం ఎప్పుడు అవసరమో 9వ భాగంలో చెప్పాను.

## 1. అన్నిటికంటే ముందు: చేజారేవి దాచుకోండి

కవితకి తొందర లేదు. దీనికి ఉంది. పదకొండో రోజో పదమూడో రోజో దాటేసరికి బంధువులు మంచి మనసుతోనే బట్టలు పంచేస్తారు, మందులు పారేస్తారు, ఫోన్ ఫార్మాట్ చేసి మనవడి చేతికిస్తారు. "కళ్లెదురుగా ఉంటే బాధపడుతుంది" అని వాళ్ల ఉద్దేశం. మీరు ఒక్క మాట అనాలి: "నన్నడక్కుండా ఏదీ తియ్యొద్దు." అనే ఓపిక కూడా లేకపోతే కూతురికో, తమ్ముడికో, గట్టిగా మాట్లాడగలిగే ఒక్కరికి ఆ పని అప్పగించండి.

### 1.1 వస్తువులు

ఇవ్వాల్సినవి ఇవ్వండి, కానీ ఫొటో తీశాక. సర్దకుండా, ఎక్కడ ఉన్నది అక్కడే తియ్యాలి. గూట్లో లుంగీల దొంతర, దిండు పక్కన అమృతాంజనం సీసా, పూజ గదిలో వత్తుల డబ్బా, స్కూటర్ తాళంచెవి, సగం అయిన షేవింగ్ క్రీమ్. ఒక్కోదానికి రెండు ఫొటోలు. ఒకటి దూరం నుంచి, చుట్టూ ఏమున్నాయో కనపడేలా. రెండోది దగ్గర నుంచి, అరుగుదల కనపడేలా. తర్వాత కవితకి పనికొచ్చేది ఈ అరుగుదలే.

### 1.2 ఫోన్

ఎక్కువమందికి నష్టం జరిగేది ఇక్కడే.

నంబర్‌కి రీఛార్జ్ ఆపకండి. 90 రోజులు వాడకుండా ఉంటే కంపెనీ ఆ నంబర్ ఆపేసి, కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం చూపించి మీ పేరుకి మార్పించుకోవచ్చు. వాట్సాప్ అకౌంట్ 120 రోజులు తెరవకపోతే తీసేస్తారు. గూగుల్ అకౌంట్‌కి ఆ గడువు 2 ఏళ్లు.

గొంతు ఎక్కడుందో వెతకండి. ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, గొంతు ఉండదు. "వచ్చేటప్పుడు కొత్తిమీర తే" లాంటి వాయిస్ మెసేజ్‌లే ఇప్పుడు బంగారం. వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌పోర్ట్ చాట్ ఎంచుకుని, మీడియాతో సహా గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. పిల్లలకీ స్నేహితులకీ పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా అడిగి తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. కొందరు పోయినవాళ్ల నంబర్‌కే రోజూ వాట్సాప్‌లో రాస్తుంటారు. రాయాలనిపించడంలో తప్పు లేదు, కానీ నంబర్ చేతులు మారితే ఆ మెసేజ్‌లు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి చేరతాయి. ఆ మాటలు నోటుపుస్తకంలో రాయండి.

### 1.3 కాగితాలు, ఆల్బమ్‌లు, క్యాసెట్లు

చేతిరాత ఉన్న ఏ కాగితమూ పారెయ్యొద్దు. సరుకుల చీటీ, పాల లెక్క, క్యాలెండర్ మీద గ్యాస్ మార్చిన తేదీ, అన్నీ దాచండి.

జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన పాత ఫొటోని గోరుతో లాగకండి, వెనక పొర చిరిగిపోతుంది. పైన ప్లాస్టిక్ షీట్ మాత్రం తెరిచి, పేజీని పగటిపూట కిటికీ పక్కన నేల మీద పెట్టి, ఫోన్‌ని పేజీకి సమాంతరంగా పట్టుకుని ఫొటో తియ్యండి. ఫ్లాష్ వద్దు, ఫ్యాన్ ఆపండి. స్కానర్ దొరికితే పోస్ట్‌కార్డ్ సైజు ఫొటోకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది, పెద్దది చెయ్యాలంటే 600 పెట్టండి.

ఫొటో వెనక పేరు, ఏడాది రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి. బాల్‌పెన్ అచ్చు ముందుకి పొడుచుకొస్తుంది, ఇంకు పక్క ఫొటోకి అంటుతుంది.

పెళ్లి వీడియో క్యాసెట్ ఉంటే ముందు చిన్న కిటికీలోంచి టేపు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో ప్లే చెయ్యకండి, టేపు ఇంకా పాడవుతుంది, ప్లేయర్‌కీ అంటుతుంది. డిజిటల్ చేసిచ్చే షాపులో బూజు సంగతి ముందే చెప్పి ఇవ్వండి.

మొదటి నెలలో చూసుకోవాల్సినవి

- ఫోన్ లాక్ నంబర్ ఒక కాగితం మీద రాసి ఉందా?
- రీఛార్జ్ గడువు ఎప్పుడు?
- వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లో కాకుండా ఇంకో చోట కూడా ఉన్నాయా?
- ఫొటోలు మూడు చోట్ల ఉన్నాయా? (ఫోన్, పెన్‌డ్రైవ్, వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఒక కాపీ)
- బట్టల్లో కనీసం ఒక జత మీ బీరువాలో ఉందా? ఉతకనిదైతే ఇంకా మంచిది.

## 2. పటానికి ఫొటో

పెద్దకర్మ నాటికి పటం కావాలి కాబట్టి హడావుడిగా ఆధార్ ఫొటో స్టూడియోకి పంపేస్తారు. దాన్నే మీరు ఏళ్ల తరబడి చూడాలి. అరగంట ఆగి, ఉన్నవాటిలో మూడు ఫొటోలు ఏరి పక్కపక్కన పెట్టి, "ఇది అచ్చం తనే" అనిపించేది ఎంచుకోండి. అది అందమైన ఫొటో కానవసరం లేదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. స్టూడియోవాళ్లకి స్పష్టంగా చెప్పాల్సినవి మూడు: రంగు తెల్లగా చెయ్యొద్దు, పుట్టుమచ్చ తీసెయ్యొద్దు, చొక్కా మీద కోటు తొడగొద్దు. పిచ్చి ముచ్చట కానీ, జీవితంలో కోటు వేసుకోని మనిషికి చనిపోయాక కోటు వెయ్యడం మన దగ్గర మామూలైపోయింది.

ఫొటోని కదిలించే, మాట్లాడించే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దని నా అభిప్రాయం. అందులో కదిలేది మీ మనిషి కాదు. ఆ కదలిక ఒకసారి మనసులో పడితే అసలు జ్ఞాపకంతో కలిసిపోతుంది.

## 3. రాయడానికి ముందు: చదవడం, వినడం, ఏరుకోవడం

మొదటి వారాల్లో కవిత రాయడానికి కూర్చుంటే రాదు, వచ్చినా మీది కాని భాష వస్తుంది. ఆ రోజుల్లో రెండు పనులు చాలు.

ఒకటి, మీకు చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పద్యమో, కీర్తనో, గజలో, ఏదైనా పైకి చదవండి. కళ్లతో కాదు, గొంతుతో. ఏడుపుతో బిగుసుకున్న ఊపిరి కాస్త లయలో పడుతుంది. అర్థం గురించి ఆలోచించక్కర్లేదు.

రెండు, మాటల చీటీ. పోయినవాళ్లు తరచూ అనే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోండి. "ఉప్పు చూశావా", "లైటు కట్టెయ్", "నాకేం తొందర లేదు, నువ్వు తిను". వాళ్ల యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి మార్చొద్దు. గుర్తుకొచ్చిన వెంటనే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని చెప్పినా సరే, జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డ్) తెలుగు బాగానే పడుతుంది. ఈ చీటీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మొహం కంటే ముందు మాటల తీరు మరిచిపోతామని చాలామంది చెప్తారు.

## 4. కెమెరా ముందు, కవిత తర్వాత

మొదలుపెట్టే వరస ఇదే. ఫొటోకి మాట అక్కర్లేదు, మాట పెగలని రోజుల్లో కూడా చెయ్యొచ్చు. కెమెరా ఎదురుగా ఉన్నదాన్ని చూడమంటుంది, గుర్తున్నదాన్ని కాదు. ఆ రెండు నిమిషాలు మనసుకి విరామం.

ఖరీదైన కెమెరా కొనకండి. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చిన కొత్తలో పిల్లలు కొనిపెడతామంటారు. వద్దనండి, ఏడాది తర్వాత చూద్దామనండి.

### 4.1 ఫోన్ సిద్ధం చెయ్యడం

- లెన్స్‌ని పాత నూలు గుడ్డతో తుడవండి. చాలాసార్లు ఫొటో మసకగా రావడానికి కారణం వేలిముద్రలే.
- ఫ్లాష్ పూర్తిగా ఆపెయ్యండి.
- సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి, గుమ్మం, గోడ వంకర పోకుండా ఉంటాయి.
- తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. తర్వాత వెలుతురు కొంచెం తగ్గించండి. ఫోన్లు అన్నిటినీ పట్టపగల్లా చూపిస్తాయి, ఇంట్లో నీడలు పోతాయి.
- "మన ఇల్లు" అని ఒక ఆల్బమ్ పెట్టండి, ఈ ఫొటోలు అందులోకే వెళ్లాలి. పాత ఫొటోలతో కలవకూడదు.

### 4.2 మొదటి నెల అభ్యాసం

మొదటి వారం: ఒకే కిటికీ. రోజూ ఒకే టైముకి, ఒకే చోట నిలబడి, ఒకే కిటికీ లేదా గుమ్మం. ఒక్క ఫొటో. ఎంచుకోవాల్సింది ఏమీ ఉండదు కాబట్టి ఓపిక లేని రోజు కూడా జరిగిపోతుంది. వారం అయ్యాక వరసగా చూడండి. వెలుతురు మారి ఉంటుంది, ఎదురింటివాళ్ల బట్టలు మారి ఉంటాయి.

రెండో వారం: ఒక వస్తువు. వాళ్లు రోజూ ముట్టుకున్న ఒకే వస్తువు. పొద్దున్న కిటికీ పక్కన, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టండి. ఎదురు వెలుతురులో అరుగుదల కనపడదు. పై నుంచి, పక్క నుంచి, దగ్గర నుంచి. చివరికి ఒక్కటే ఉంచుకోండి.

మూడో వారం: మీరు. సెల్ఫీ కాదు. మీ నీడ, మీ చేతులు, కాఫీ పోసుకుంటున్న మీ చెయ్యి. జంటలో ఒకరు పోయాక ఇంట్లో ఫొటో తీసేవాళ్లు కూడా పోతారు. చాలామందికి ఆ తర్వాత ఏళ్ల తరబడి తమ ఫొటో ఒక్కటీ ఉండదు. అందుకే ఈ వారం దాటెయ్యొద్దు.

నాలుగో వారం: బయట. ఇంటి చుట్టూ రెండు వీధులు. జంటగా వెళ్లిన చోట్లకి ఇప్పుడే వద్దు. వాళ్లకి పరిచయం లేని చోటు ఎంచుకోండి: కొత్త సందు, చెరువుకి అవతలి గట్టు, ఎప్పుడూ ఎక్కని బస్సు రూటు. వాళ్లకి చూపించాలనిపించేది కనపడితే తియ్యండి. అనిపించకపోతే నడిచి వచ్చెయ్యండి.

### 4.3 బయటికి వెళ్లే వీలు లేనప్పుడు

ఆడవాళ్లకి ఇది నిజమైన ఇబ్బంది. "ఏడాది తిరక్కుండానే ఫోన్ పట్టుకుని ఊరేగుతోంది" అనే నోళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. ఆ నోళ్లతో పోట్లాడే బలం లేని రోజుల్లో డాబా మీదికెళ్లండి. తెల్లవారుజామున ఆకాశం, నీళ్ల ట్యాంకు, ఎండబెట్టిన మిరపకాయలు, పక్కింటి కొబ్బరాకు నీడ చాలు. ముస్లిం కుటుంబాల్లో భర్త పోయాక ఇద్దత్ (భార్య ఇంటిపట్టున ఉండే గడువు) పాటించే 4 నెలల 10 రోజులూ ఇంట్లోంచే చేసుకునే అభ్యాసాలు పై మూడు వారాలవీ. నాలుగోది తర్వాత కలుపుకోవచ్చు.

మగవాళ్ల చిక్కు వేరు. వాళ్లని ఎవరూ ఆపరు, కానీ వంటింట్లోకి వెళ్లరు. భార్య పోయినవాళ్లకి నేనిచ్చే మొదటి పని పోపుల పెట్టె ఫొటో. ఏ గిన్నెలో ఏముందో పేర్లు రాయండి. కవిత సంగతి తర్వాత, కనీసం చారు పెట్టుకోవడం వస్తుంది.

## 5. రాయడం

### 5.1 ఎప్పుడు, ఎంతసేపు

పగలు రాయండి. రాత్రి పడుకునే ముందు రాస్తే నిద్ర పోతుంది, అసలే అంతంత మాత్రం. పదిహేను నిమిషాలకి అలారం పెట్టుకోండి. మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా లేవండి. లేచి చేతులతో చేసే పని ఒకటి చెయ్యాలి: మొక్కలకి నీళ్లు, కూర తరగడం. ఈ రెండో భాగం దాటేస్తే రోజంతా అందులోనే ఉండిపోతాం.

రాసిన వెంటనే మనసు తేలికవుతుందని ఆశపడకండి. మనస్తత్వ పరిశోధకుడు జేమ్స్ పెన్నెబేకర్ అమెరికాలో 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు బాధల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్లకి దిగులు పెరిగింది, ఆరోగ్యానికి మేలు నెలల తర్వాత కనపడింది. భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లతో స్ట్రోబ్ బృందం 2002లో చేసిన అధ్యయనంలో ఆ మేలు కూడా కనపడలేదు. కాబట్టి రాయడం అందరికీ పడదు. నెల రోజులు చూడండి. పడకపోతే మానేసి ఫొటోలు మాత్రం కొనసాగించండి, ఏ నష్టమూ లేదు.

### 5.2 మొదటి చిత్తుప్రతి

1. మాటల చీటీ తియ్యండి. ఒక మాట ఎంచుకోండి.
2. ఆ మాట ఎప్పుడు, ఎక్కడి నుంచి అనేవాళ్లో రాయండి.
3. ఇప్పుడు అదే టైములో, అదే చోట ఏం జరుగుతోందో రాయండి.
4. ఆపెయ్యండి.

ఇంట్లో ఎలా పిలిచేవాళ్లో అలాగే రాయండి. "ఏవండీ" అని పిలిచిన మనిషి కవితలోకి రాగానే "ప్రియతమా" అవకూడదు.

### 5.3 దిద్దడం

పనంతా ఇక్కడే ఉంది. అందరి చిత్తుప్రతీ మొదట ఇలాగే వస్తుంది:

> నువ్వు లేని ఈ ఇల్లు శూన్యం
> మౌనమే నాకు మిగిలిన తోడు
> కన్నీటి సంద్రంలో ఒంటరి నావను

ఇందులో అబద్ధం లేదు, కానీ మీ మనిషీ లేరు. ఎవరు పోయినా ఎవరైనా రాయగలిగే మూడు లైన్లు ఇవి. ఇలాంటి కవిత చదువుకుంటే ఏడుపొస్తుంది, ఓదార్పు రాదు. దిద్దే పద్ధతి:

- శూన్యం, మౌనం, కన్నీరు, గుండె, జ్ఞాపకం, ఒంటరి: ఈ ఆరు మాటలూ కొట్టెయ్యండి.
- కొట్టేసిన ప్రతి మాట చోట చేత్తో తాకగలిగేదో, చెవికి వినపడేదో ఒకటి పెట్టండి.
- పోలికలు తీసెయ్యండి. సంద్రం, నావ మీ ఇంట్లో లేవు. కుక్కర్ ఉంది.
- చివరి లైను సాధారణంగా అర్థం చెప్పడానికి వస్తుంది. దాన్నీ తీసి చూడండి.

అదే కవిత దిద్దాక:

> మూడో విజిల్‌కి
> పేపర్ చాటు నుంచి
> "కట్టెయ్" అనేవారు.
> ఇవాళ ఐదు కూసింది.
> అన్నం మెత్తబడింది.
> ఎవరూ ఏమీ అనలేదు.

మౌనం అన్న మాట లేకుండానే మౌనం వచ్చింది. ఇది గొప్ప కవిత కానక్కర్లేదు. చదివినప్పుడల్లా ఆ పేపరూ, ఆ మనిషీ కనపడితే చాలు.

### 5.4 చిన్న రూపాలు

పెద్ద కవిత భయపెడితే నానీ రాయండి. ఆచార్య ఎన్. గోపి 1997లో తెచ్చిన ఈ రూపానికి నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. అంతకు మించి నియమాలు లేవు. మొదటి రెండు పాదాల్లో ఒక దృశ్యం, తర్వాతి రెండింట్లో దాని మలుపు పెడితే కుదురుతుంది. ఉదాహరణకి:

> అలవాటుగా
> రెండు కప్పులు తీశా
> ఒకదాన్లో
> చల్లారుతోంది పొద్దు

పాదాల్లో వరసగా 5, 7, 4, 7, కలిపి 23 అక్షరాలు. వత్తు విడిగా లెక్కలోకి రాదు, "ప్పు" ఒకటే అక్షరం. సున్నా కూడా అంతే, "రెం" ఒకటే.

అక్షరాలు లెక్కపెట్టడం చిన్నపిల్లల ఆటలా అనిపించొచ్చు. మనసు ఒకేచోట గిరగిరా తిరిగే రోజుల్లో వేళ్ల మీద లెక్కే కాపాడుతుంది. ఛందస్సు వచ్చినవాళ్లు ఆటవెలది, తేటగీతి ప్రయత్నించండి. గణం కుదిరేదాకా మాట మార్చి మార్చి చూస్తుంటే అరగంట తెలియకుండా పోతుంది.

## 6. ఫొటోనీ కవితనీ జత చెయ్యడం

రెండు మూడు నెలలకి కొన్ని ఫొటోలు, కొన్ని కవితలు పోగవుతాయి. ఇక జత కలపొచ్చు. జపాన్‌లో హైకూ పక్కన బొమ్మ వేసే హైగా అనే పద్ధతిలో ఒక మంచి సూత్రం ఉంది: బొమ్మ కవితని వివరించకూడదు, కవిత బొమ్మని వివరించకూడదు. రెండు కప్పుల కవిత పక్కన రెండు కప్పుల ఫొటో పెడితే చెప్పిందే చెప్పినట్టు. దాని పక్కన కిటికీ ఫొటో పెట్టి చూడండి, లేదా ఆరేసిన ఒక్క తువ్వాలు.

ఫొటోలు పోస్ట్‌కార్డ్ సైజులో ప్రింట్ తీయించండి. కవితల్ని అదే సైజు కాగితాల మీద రాయండి. నేల మీద పరిచి, మార్చి మార్చి పెట్టుకోండి. ఫోన్ తెర మీద ఈ పని కుదరదు.

## 7. కష్టమైన తారీఖులు

సంవత్సరీకం తిథి ప్రకారం ఒకరోజు వస్తుంది, ఇంగ్లిష్ తారీఖు ఇంకో రోజు. ఇంట్లోవాళ్లు తిథి రోజు మీతో ఉంటారు. తారీఖు రోజు ఎవరికీ గుర్తుండదు, మీరొక్కరే ఉంటారు. రెండూ క్యాలెండర్‌లో రాసుకోండి. పెళ్లిరోజు, ఇద్దరి పుట్టినరోజులు, మహాలయ అమావాస్య, క్రైస్తవ కుటుంబాల్లో నవంబర్ 2 సమాధుల పండుగ కూడా.

ఆ రోజుల్లో కొత్త కవిత రాయొద్దు. పాతదొకటి పైకి చదవండి, ఒక్క ఫొటో తియ్యండి, అంతే. పని ముందురోజే ఎంచుకుని పెట్టుకోండి.

గూగుల్ ఫొటోస్ ఉన్నట్టుండి "నాలుగేళ్ల క్రితం ఇదే రోజు" అని చూపిస్తుంది. బస్సులో ఉండగా అలా వస్తే తట్టుకోవడం కష్టం. మెమరీస్ సెట్టింగ్స్‌లో మనుషుల్ని, తేదీల్ని దాచొచ్చు. ఇది ఫొటోల్ని చెరిపెయ్యదు, అడక్కుండా ముందుకి తేవడం ఆపుతుంది. చూడాలనుకున్నప్పుడు మీరే తెరుస్తారు.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

పోయినవాళ్లని దేవుణ్ణి చెయ్యడం. కవితల్లో వాళ్లకి కోపం రాదు, గురక రాదు. అలా పది రాశాక రాయడానికేమీ మిగలదు. పోట్లాడుకున్న సంగతి ఒకటి రాయండి. చివరిదాకా తేలని పోట్లాట అయితే మరీ మంచిది. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఆస్పత్రి ఫొటోలు. చివరి రోజుల్లో పైపులతో, మాస్కుతో తీసినవి ఫోన్‌లో ఉంటాయి. డిలీట్ చెయ్యాలా ఉంచాలా అని చాలామంది టెన్షన్ పడతారు. రెండూ వద్దు. పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, కవర్‌లో పెట్టి, ఇంకొకరికి ఇవ్వండి. ఫోన్‌లోంచి మాత్రం తీసెయ్యండి. కంగారులో వేరే ఫొటో పోయినా గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి.

రోజూ కొత్తది పోస్ట్ చెయ్యడం. వాట్సాప్ గ్రూపులో మొదటి కవితకి యాభై దండాలు వస్తాయి, పదోదానికి మూడు. దుఃఖానికి విలువ తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. మొదటి ఆరు నెలలూ ఒక్కరికే చూపించండి. కొడుకూ కూతురూ అయితే కష్టం, వాళ్లకీ పోయిన మనిషే కదా. స్నేహితులు నయం.

నవ్వొస్తే తప్పనుకోవడం. ఫొటో తీస్తూ మేక చేష్టకి నవ్వొస్తుంది. వెంటనే అపరాధం. నవ్వొచ్చిన ఫొటోని కూడా "మన ఇల్లు" ఆల్బమ్‌లోనే పెట్టండి.

మానేసినందుకు బాధ. రెండు వారాలు ముట్టుకోకపోతే మళ్లీ కిటికీ దగ్గర మొదలుపెట్టండి. వెనకబడిన లెక్క పూర్తి చెయ్యొద్దు.

## 9. ఆపి, డాక్టర్ని కలవాల్సినప్పుడు

ఏడుపు రావడం జబ్బు కాదు. పోయినవాళ్ల గొంతు వినపడినట్టు, గదిలో ఉన్నట్టు అనిపించడం కూడా మొదట్లో చాలామందికి జరిగేదే. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నోటుపుస్తకం పక్కన పెట్టి సాయం తీసుకోండి:

- చచ్చిపోవాలనిపించడం, లేదా "నేనూ వచ్చేస్తున్నా" లాంటి మాటలు మళ్లీ మళ్లీ రాస్తుండడం
- తిండి, స్నానం, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు మానెయ్యడం
- నిద్ర కోసం రోజూ మందో మాత్రలో
- నెలలు గడిచినా మొదటి వారంలో ఉన్నంత తీవ్రంగా, ఏ పనీ చేసుకోలేనంతగా ఉండడం

ఈ చివరిదాన్ని వైద్యులు విడిగా గుర్తిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 6 నెలలు దాటాక, అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2022లో పెట్టిన లెక్కలో పెద్దవాళ్లకి ఏడాది దాటాక. అప్పటిదాకా ఆగాలని కాదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

గుండెల్లో నొప్పి, ఆయాసం వస్తే "దిగులు వల్లే" అని ఊరుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి.

## 10. చిన్న పుస్తకం వెయ్యాలనుకుంటే

చాలామంది సంవత్సరీకానికి పంచాలనుకుంటారు. నేనైతే రెండో ఏడాదికి వెయ్యమంటాను. మొదటి ఏడాది రాసినవాటిలో సగం మీకే నచ్చవు.

- సైజు ఏ5. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి: 24, 28, 32. పన్నెండు జతలకి 32 పేజీలు సరిపోతాయి.
- ఫొటోలు అచ్చు సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. 6×4 అంగుళాల ఫొటోకి 1800×1200. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటో కాకుండా అసలు ఫైలు ఇవ్వండి.
- కాపీలు కొన్నే అయితే డిజిటల్ ప్రింట్ చవక. ఆఫ్‌సెట్ వందల్లో వేసేవాళ్లకి.
- మీరు ఫోన్‌లో టైప్ చేసింది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని అను అనే పాత ఫాంట్లే వాడతారు, మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. ప్రూఫ్‌ని మీ అసలు కాపీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. ముఖ్యంగా పోయినవాళ్ల పేరు.
- ఆస్తి, అప్పు, కుటుంబ తగాదా తగిలే లైన్లు ఉంటే అచ్చుకి ముందే సంబంధించినవాళ్లకి చదివి వినిపించండి.
- ప్రెస్ నుంచి పుస్తకాలతో పాటు పీడీఎఫ్ కూడా అడిగి తీసుకుని మీ మెయిల్‌లో పెట్టుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే ఆ ఫైలుతో ఎక్కడైనా ఇంకో పది కాపీలు తీయించుకోవచ్చు.